రూపాయేగా!

కిందటి నెల మా దగ్గర బంధువులింట్లో గృహప్రవేశం. వ్రతమయింది, భోజనాలయ్యాయి, తాంబూలాలు పుచ్చుకుని ఆడవాళ్ళం ఓ మూల, మగవాళ్ళు ఫ్యాను కింద మరో మూల చేరాం. నాకు బావగారి వరసయ్యే పెద్దమనిషి ఒకాయన, పేరెందుకు లెండి, వక్క నములుతూ, "ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేసిపారేశారు గదా, ఇంక ఇళ్ళల్లో ఎవరుంటున్నారండీ? కూర లేకపోతే సికింద్రాబాదు, ఊసుపోకపోతే శ్రీశైలం!" అన్నారు. మగవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. మేమూ నవ్వాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నేనూ నవ్వాను.

తిరిగొచ్చేటప్పుడు కారులోనే వచ్చాం. దారిలో సిగ్నల్ దగ్గర ఆగితే పక్కనే బస్టాపు. ముప్ఫై నలభైమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. చంకన పిల్లలు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు, భుజాన సంచులు. వాళ్ళల్లో శ్రీశైలం బయల్దేరిన ముఖం ఒక్కటి కనపడితే ఒట్టు. అన్నీ ఇంటికి పోయి స్టవ్వు వెలిగించాల్సిన ముఖాలే. ఇందాక నవ్విన నవ్వు అప్పుడు నా గొంతుకి అడ్డం పడింది. ఎంచేతంటే, ఆ వరసలో ఎక్కడో మా అమ్మ కూడా నిలబడి ఉన్నట్టనిపించింది.

మా అమ్మ సంగతి కాస్త చెప్పాలి. ఎనభైల చివర్లో మేం రామ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. అమ్మమ్మ ఇల్లు మలక్‌పేటలో. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అమ్మ వంటిల్లు సర్దేసి, నన్ను వెంటబెట్టుకుని తల్లిని చూడ్డానికి బయల్దేరేది. రామ్‌నగర్‌లో మాత్రం బస్సెక్కేది కాదు. ఎండలో నారాయణగూడ దాకా నడిపించేది. నేను కాళ్ళు నొప్పులని ఏడిస్తే, "ఇక్కడెక్కితే ఒక స్టేజీ ఎక్కువ పడుతుందే తల్లీ" అనేది. సిటీ బస్సు టిక్కెట్టు స్టేజీల లెక్కన కొడతారని మీకు తెలిసిందే. ఆ ఒక్క స్టేజీ మిగుల్చుకోవడానికి అమ్మ నాచేత నడిపించిన నడక ఈనాటికీ నా పిక్కల్లో ఉంది.

ఆ తర్వాత ఛార్జీలు పెరిగాయి. శుక్రవారాలు పదిహేను రోజులకోసారి అయ్యాయి. మళ్ళీ పెరిగాయి. నెలకోసారి అయింది. నాన్నగారి ఆఫీసు బస్సు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. ఆగడానికి వీల్లేదు, జీతం తెచ్చే బస్సది. ఇంటి పద్దులో కోత పడవలసి వచ్చినప్పుడు అది అమ్మ పుట్టింటి బస్సు మీదే పడింది. ఎవరూ వెళ్ళొద్దనలేదు సుమండీ. నాన్నగారు మంచివారు. అమ్మే తనంతట తాను మానుకుంది. మన ఆడవాళ్ళం చాలా సంగతులు ఇలాగే మనంతట మనం మానుకుంటాం, అందుకే వాటి జాడ ఎక్కడా కనపడదు. అమ్మమ్మ పోయిన కబురొచ్చేనాటికి అమ్మ ఆవిణ్ణి చూసి నెలా పదిరోజులైంది. ఆ లెక్క అమ్మ ఏడుస్తూ ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

అంచేత ఛార్జీలు పెంచిన ప్రతిసారీ "రూపాయేగా!" అని తేలిగ్గా తీసేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఛార్జీ తీసేస్తే "తిరగడానికి అలవాటు పడ్డారు" అని మూతి విరిచేవాళ్ళతో ఇంకా పెద్ద పేచీ ఉంది. నన్నడిగితే ఈ రెండు మాటలూ ఒకే నోటివి. ఆ నోటికి బస్సు మీద ఆధారపడటమంటే ఏమిటో తెలియదు.

రూపాయి చిన్నదే. చిన్న నాణెం కోసం జనం ఎందుకు అంత గొడవ చేస్తారో కలకత్తా వాళ్ళనడగాలి. 1953లో అక్కడి ట్రాములింకా ఒక బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్నాయి. ఆ ఏడాది జూలైలో రెండో తరగతి టిక్కెట్టు మీద ఒకే ఒక్క పైసా పెంచారు. నయాపైసా కూడా కాదు, పాతకాలపు పావు అణా. జనం పాత ఛార్జీయే ఇస్తామని ట్రాముల్లో భీష్మించుకు కూర్చున్నారు. సమ్మెలయ్యాయి, అరెస్టులయ్యాయి, లాఠీలు విరిగాయి, ట్రాములు తగలబడ్డాయి. నెల తిరిగేసరికి పెంపును ఆపుకోవాల్సి వచ్చింది. "పైసాకి ఇంత రభసా!" అని అప్పుడూ ఎవరో అనే ఉంటారు. కాని రెండో తరగతిలో రోజూ రెండు పూటలా ఎక్కి దిగే ఇంటికి, అదీ ఇద్దరు ముగ్గురు ఎక్కే ఇంటికి, అది పైసా కాదు. నెలాఖరున బియ్యం డబ్బా అడుగున చెయ్యి పెట్టి చూసుకునే ఇల్లాలికి ఆ తేడా ఏమిటో తెలుసు.

సరే, ఆవేశం పక్కన పెట్టి లెక్కల్లోకి వద్దాం. నేను బి.ఏ. చదివినదాన్ని, లెక్కల్లో నాకెప్పుడూ బొటాబొటి మార్కులే. అయినా పాల లెక్కా చాకలి పద్దూ చూసుకునే ఏ ఆడదానికైనా ఇది అర్థమవుతుంది. ఛార్జీ పెరిగితే ప్రయాణీకులు ఎంతమంది తగ్గుతారన్నదానికి అమెరికాలో ఒక మోటు లెక్క ఉంది. సింప్సన్-కర్టిన్ సూత్రమంటారు. ఛార్జీ నూటికి మూడు వంతులు పెరిగితే ఎక్కేవాళ్ళు నూటికి ఒకరు తగ్గుతారన్నది దాని సారం. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి ఆ అంకె అటూ ఇటూ అవుతుంది గాని, దారి మాత్రం అదే.

ఇప్పుడు చూడండి. ఒక బస్సులో వందమంది ఎక్కుతున్నారు, టిక్కెట్టు పది రూపాయలు. గల్లాపెట్టెలో వెయ్యి రూపాయలు. టిక్కెట్టు పదమూడు చేశారనుకోండి. అంటే నూటికి ముప్ఫై పెంపు. ఆ మోటు లెక్క ప్రకారం పదిమంది దిగిపోతారు. మిగిలిన తొంభైమంది పదమూడేసి ఇస్తే గల్లాపెట్టెలోకి 1170 వచ్చిపడతాయి. పైగా బస్సు కాస్త ఖాళీ అయింది కూడా! లెక్కలు రాసే ఆఫీసరుగారికి ఇంతకంటే ఇంకేం కావాలి? అందుకే ఛార్జీలు పెంచడమన్నది ప్రభుత్వాలకు అంత సులభమైన మందు. ఆదాయం నిజంగానే పెరుగుతుంది, నేను కాదనను. కాని దిగిపోయిన ఆ పదిమందికి ఆ పద్దు పుస్తకంలో గడి లేదు. వాళ్ళెవరో, ఎక్కడికి పోవడం మానేశారో రాసుకునేవాళ్ళు లేరు.

ఆ పదిమంది ఎవరు? ఇక్కడే ఉంది అసలు సంగతి. పొద్దున తొమ్మిదింటికీ సాయంత్రం ఆరింటికీ ఎక్కే ఉద్యోగులు ఛార్జీ పెరిగిందని మానలేరు, తిట్టుకుంటూనైనా ఎక్కుతారు. రద్దీ లేని వేళల్లో ఎక్కేవాళ్ళు దానికి దాదాపు రెట్టింపుగా తగ్గుతారని ఈ విషయం చదివినవాళ్ళు దేశదేశాల్లో తేల్చారు. మధ్యాహ్నం పదకొండుకీ నాలుక్కీ మధ్య బస్సెక్కేది ఎవరండీ? బిడ్డను ధర్మాసుపత్రికి తీసుకెళ్ళే తల్లి, రెండిళ్ళలో పని ముగించుకుని మూడో ఇంటికి వెళ్ళే పనిమనిషి, కుట్టుపని నేర్చుకోబోయే పిల్ల, పెద్ద బజారులో నాలుగు రూపాయలు కలిసొస్తాయని వెళ్ళే ఇల్లాలు, తల్లిని చూడబోయే కూతురు. ఛార్జీ పెరిగితే ముందు దిగేది వీళ్ళు. ఇంకో మాట కూడా ఉంది. మగవాడు బస్సు దిగితే ఎలాగో వాయిదాల మీద స్కూటరు కొని దాని మీదెక్కుతాడు. ఆడది బస్సు దిగితే చాలాసార్లు ఇంట్లో కూర్చుంటుంది, లేదా నడుస్తుంది. మొదటిది రోడ్డు మీద రద్దీగానైనా కనిపిస్తుంది. రెండోది ఎవరికీ కనిపించదు.

ఇది కథలు రాసేదాని ఊహ అనుకునేవాళ్ళ కోసం ఒక అంకె చెప్తాను. ఢిల్లీ మెట్రోలో 2009 నుంచి పెద్ద టిక్కెట్టు ముప్ఫై రూపాయలుండేది. ఎనిమిదేళ్ళు కదపలేదు. 2017 మే నెలలో దాన్ని యాభై చేశారు, అక్టోబరులో అరవై చేశారు. అయిదు నెలల్లో రెట్టింపు! ఆ సెప్టెంబరులో రోజుకు సగటున 27.4 లక్షలమంది ఎక్కిన మెట్రోలో అక్టోబరులో 24.2 లక్షలమందే ఎక్కారు. రోజుకు మూడు లక్షల పైచిలుకు తగ్గుదల. వాళ్ళలో అందరూ ఛార్జీ వల్లే పోయారని నేను వాదించను, పండగ సెలవులూ ఉంటాయి. కాని ఎనిమిదేళ్ళు నిద్రపోయి ఒక్కసారి లేచి రెండుసార్లు బాదితే జనం ఏం చేస్తారో తెలుసుకోవడానికి పెద్ద చదువులక్కర్లేదు. కందిపప్పు ధర ఏడాదికి కొంచెం పెరిగితే సర్దుకుంటాం, ఒక్క ఉదుటున రెట్టింపయితే చారుతో సరిపెడతాం. ఇదీ అంతే.

లండన్‌లో ఇదే నాటకం తిరగేసి, మళ్ళీ బోర్లేసి ఆడారు. 1981 అక్టోబరులో అక్కడి నగర పాలకులు బస్సు, భూగర్భ రైలు ఛార్జీలను సుమారు మూడో వంతు తగ్గించారు. జనం ఎగబడి ఎక్కారు. ఆ తగ్గింపు కోసం తమ మీద పన్ను వేయడం అన్యాయమని బ్రోమ్లీ అనే శివారు వాళ్ళు కోర్టుకెళ్ళారు, డిసెంబరులో పెద్ద న్యాయమూర్తులు అది చెల్లదన్నారు. 1982 మార్చిలో ఛార్జీలు దాదాపు రెట్టింపయ్యాయి. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగిపోయారు. 1983లో మళ్ళీ తగ్గించాక మళ్ళీ ఎక్కారు. ఊరూ మనుషులూ వాళ్ళే. మారింది టిక్కెట్టు ఒక్కటే. తీరిక లేక ఎక్కడం లేదనో, కార్లమీద మోజనో మనం చెప్పుకునే కారణాలన్నిటికంటే ముందు ఈ కారణం చూసుకోవాలి.

ఇక మన బావగారి వేళాకోళానికి వస్తాను. టిక్కెట్టు పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? ఆడవాళ్ళ వరకూ ఈ ముచ్చట మన దేశంలో అయిదారు చోట్ల చూశాం. 2019 అక్టోబరు 29న ఢిల్లీ బస్సుల్లో గులాబీ రంగు టిక్కెట్టు మొదలైంది. 2021లో తమిళనాడు, 2023 జూన్ 11న కర్ణాటక, ఆ ఏడాదే డిసెంబరు 9న తెలంగాణ, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ఆ దారి పట్టాయి. తెలంగాణలో 2025 జూలై నాటికి సున్నా టిక్కెట్లు రెండు వందల కోట్లు దాటాయి. ఆ టిక్కెట్ల విలువ 6,680 కోట్ల రూపాయలని లెక్క చెప్పారు. తమిళనాడులో ప్రభుత్వపు ప్రణాళికా సంఘం విచారిస్తే, అక్కడి ఆడవాళ్ళకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని తేలింది.

ఆ 888 రూపాయల్ని మీరొకసారి మీ వంటింటి కళ్ళతో చూడండి. గ్యాసు సిలిండరు దాదాపు వచ్చేస్తుంది. పిల్లలకు పాలొస్తాయి. లేదా, ఇది చాలా ముఖ్యం, ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకోవడానికి ఆవిడ చేతిలో ఉంటాయి. "ఎక్కడికి? ఎందుకు? ఎంతవుతుంది?" అన్న మూడు ప్రశ్నల్లో మూడోది పోయింది. మొదటి రెండూ సగం బలం కోల్పోయాయి. ఇంట్లో మగవాడు జేబులో చెయ్యి పెడితేనే గడప దాటగలిగిన ఆడదానికి ఇదెంత పెద్ద సంగతో, సొంత జీతం ఉన్న నాలాంటివాళ్ళం కూడా సరిగా ఊహించలేం.

"ఉత్తినే వస్తే పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అంటారు. తిరగనివ్వండి! సాయంత్రం వేళ మగవాడు బండి తీసి అలా చౌరస్తా దాకా వెళ్ళి, టీ తాగి, ఇద్దరితో కబుర్లాడి వస్తే దానికి ఎవరైనా పని అడిగారా? ఆడదాని ప్రయాణానికి మాత్రం ఆసుపత్రి చీటీయో, పెళ్ళిపిలుపో సాక్ష్యం చూపించాలి కాబోలు. చెల్లెల్ని చూడాలనిపించి వెళ్ళడం పని కాదా? యాదగిరిగుట్ట వెళ్ళి ఓ పూట ఆ మెట్ల మీద కూర్చుని రావడం నేరమా? పుట్టిన దగ్గర్నుంచీ పక్క జిల్లా చూడని ఆడవాళ్ళున్న దేశం మనది. వాళ్ళలో కొందరు అరవయ్యో ఏట కిటికీ పక్కన కూర్చుని నాలుగూళ్ళు చూస్తే మన ఖజానా కూలిపోతుందా?

"ఎవరి సొమ్మండీ? మా పన్నుల సొమ్ము!" అంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని వాళ్ళ బాధ. సబ్బుబిళ్ళ మీదా చెప్పుల జత మీదా పన్ను కట్టని ఆడది ఉందా ఈ దేశంలో? ఆమె సొమ్ము కూడా ఆ ఖజానాలో ఉంది. ఇంకో సంగతి. 2009లో మెహదీపట్నం వైపు నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున పెద్ద ఫ్లైఓవరు కట్టారు, పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టారు. అది ప్రజల సొమ్మే. విమానాశ్రయానికి పోయే కార్లు దాని మీద టోలు కట్టకుండా రివ్వున పోతాయి. దాన్ని ఎవరైనా "ఫ్రీ ఫ్లైఓవరు" అన్నారా? కారువాళ్ళు ఉత్తినే తిరగడానికి అలవాటు పడ్డారని గృహప్రవేశాల్లో జోకులు వేశారా? వాళ్ళకైతే అభివృద్ధి, మనకైతే అప్పనం! మొన్న కారులో వచ్చినదాన్ని గనక ఈ మాట నాకూ తగులుతుంది, తగలనివ్వండి.

చదువుకున్నవాళ్ళు ఇంకో బాణం వేస్తారు. ఎస్టోనియా అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని తాలిన్‌లో 2013 నుంచి ఆ ఊరివాళ్ళకు బస్సులూ ట్రాములూ ఉచితం చేశారు. తీరా అధ్యయనాలు చేసి చూస్తే కార్లు పెద్దగా తగ్గలేదు, ఇదివరకు నడిచేవాళ్ళు బస్సెక్కారంతే అని తేలింది. "చూశారా, కారు దిగి ఎవరూ రాలేదు, నడిచేవాళ్ళు ఎక్కడం ఏం లాభం?" అంటారు. ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. నడిచేవాళ్ళంటే ఎవరండీ? వాళ్ళంతా ఆరోగ్యం కోసం నడుస్తున్నారా? ఎండలో పిల్లను ఈడ్చుకుంటూ నారాయణగూడ దాకా నడిచిన మా అమ్మ బస్సెక్కితే అది లాభం కాకుండా పోయిందా? కార్లు తగ్గించాలంటే వేరే మందులున్నాయి, అవీ వేయండి. ఈ మందు వేసింది ఈ జబ్బుకి.

అలాగని అంతా బ్రహ్మాండంగా ఉందని నేను భజన చేయబోవడం లేదు. చేస్తే బస్టాపులో నిలబడ్డవాళ్ళే నన్ను తిడతారు. టిక్కెట్టు తీసేశారు, ఎక్కేవాళ్ళు పెరిగారు, పెరిగినవాళ్ళకు సరిపడా బస్సులేవి? విందుకి ఊరందరినీ పిలిచి, వందమందికే వండితే ఏమవుతుంది? ఆఖరి పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటారు. అప్పుడు పిలిచినవాళ్ళని వదిలేసి, "చూడండి, ఎలా ఎగబడుతున్నారో, సిగ్గు లేకపోతే సరి" అని తినడానికొచ్చినవాళ్ళని అంటారు. సీటు కోసం ఆడవాళ్ళు కొట్టుకున్న వీడియోలు ఫోన్లో ఒకరికొకరు పంపుకుని నవ్వుకుంటున్నామే, అందులో మనం చూడాల్సింది జుట్లు కాదు, వెనకాల రాని రెండో బస్సు.

ఇంకోటి. 2025 అక్టోబరు 6 నుంచి హైదరాబాదు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా అయిదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సుల ఏర్పాట్ల కోసమన్నారు. ఆ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు గనక ఈ బరువంతా మోసేది మగవాళ్ళు. "మనకేం పోయింది" అని ఊరుకుందామా? ఊరుకోకూడదు. ఆ బస్సులో ఎక్కే మగవాడు కారువాడు కాదు. కూలిపనికి పోయే మనిషి, కొట్లో గుమాస్తా, మన ఇంట్లో పనిచేసే అమ్మాయి మొగుడు. పది రూపాయల టిక్కెట్టు పదిహేనయితే నూటికి యాభై పెరిగినట్టు. ఇందాక చెప్పిన మోటు లెక్క వాళ్ళకీ వర్తిస్తుంది. వాళ్ళు దిగిపోయి పాత బండి ఒకటి కొనుక్కుంటారు, రోడ్డు ఇంకాస్త నిండుతుంది. లేదా ఇంట్లో పెళ్ళాంతో, "నీకు ఫ్రీ ఇచ్చి నా దగ్గర గుంజుతున్నారు" అని దెప్పుతారు. ఒకే కంచంలో తినేవాళ్ళ మధ్య తగవు పెట్టే ఛార్జీ మంచి ఛార్జీ కాదు. ఆటోవాళ్ళ గోడు కూడా అబద్ధం కాదు. షేర్ ఆటోల్లో ఎక్కిన ఆడవాళ్ళంతా బస్సులకు మళ్ళితే వాళ్ళ పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబరులో ఆటో, టాక్సీ డ్రైవర్లకు పదిహేను వేల చొప్పున ఇచ్చారు. ఇవ్వడం మంచిదే. ఒకరి మేలు ఇంకొకరి కడుపు కొట్టి చెయ్యకూడదన్న ఇంగితం అందులో ఉంది.

మెట్రో రైలు మాట కూడా చెప్పి ముగిస్తాను. హైదరాబాదు మెట్రోలో 2025 మే నెలలో చిన్న టిక్కెట్టు పది నుంచి పన్నెండు, పెద్ద టిక్కెట్టు అరవై నుంచి డెబ్భై అయిదు చేశారు. గొడవయ్యాక వారం తిరిగేసరికి పదో వంతు తగ్గించి పదకొండు, అరవై తొమ్మిది అన్నారు. వారంలో తగ్గించగలిగినవాళ్ళు ముందే అడిగి ఉండకూడదా? రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ దిగిన ఆడపిల్లకు వెలుతురున్న స్టేషనూ, వేళకొచ్చే రైలూ సౌఖ్యం కాదు, భద్రత. ఆ భద్రత ధర పెంచితే ఆ పిల్ల చీకట్లో షేర్ ఆటో కోసం నిలబడుతుంది. గల్లాపెట్టె లెక్కలో దానికీ గడి లేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఛార్జీ పెంచే ముందు ఎంత ఆదాయం వస్తుందో చెప్పినట్టే, ఎంతమంది దిగిపోతారో, వాళ్ళెవరో కూడా చెప్పాలి. పెంచిన ఏడాదికి లెక్కబెట్టి మళ్ళీ చెప్పాలి. పెంచక తప్పకపోతే ఏళ్ళ తరబడి ఊరుకుని ఒక్కసారి బాదకుండా కొంచెం కొంచెంగా పెంచాలి. ఉచితమన్నవాళ్ళు ఆ ఉచితానికి సరిపడా బస్సులు వెయ్యాలి, రద్దీ వేళలకే కాదు, మధ్యాహ్నం పదకొండుకీ నాలుక్కీ మధ్య కూడా. ఛార్జీలు నిర్ణయించే బల్ల చుట్టూ బస్సెక్కే ఆడవాళ్ళు ఇద్దరైనా కూర్చోవాలి. కారులో వచ్చి బస్సు ఛార్జీ నిర్ణయించడం, అన్నం వండని మనిషి గంజి వార్చడం ఎలాగో చెప్పడం లాంటిది.

మన ఆడవాళ్ళకి కూడా ఒక మాట. సున్నా టిక్కెట్టు తీసుకునేటప్పుడు తల దించుకోకండి. అది భిక్ష కాదు. ఇన్నేళ్ళు మీ అమ్మా మా అమ్మా నడిచిన నడకల బాకీలో మొదటి వాయిదా. మీరు బస్సెక్కని వాళ్ళయితే, ఎక్కేవాళ్ళ మీద వేసే జోకులకు నాలాగ నవ్వకండి.

మా అమ్మకిప్పుడు డెబ్భై దాటాయి. మళ్ళీ శుక్రవారాలు మొదలుపెట్టింది. అమ్మమ్మ లేదు గాని మలక్‌పేటలో పిన్ని ఉంది. సంచిలో ఆధార్ కార్డూ, మంచినీళ్ళ సీసా, పిన్నికిష్టమని నాలుగు జంతికలూ పెట్టుకుని బయల్దేరుతుంది. "ఈ వయసులో బస్సులెందుకమ్మా, కారు పంపిస్తాను" అంటే వినదు. "కారైతే నీది. బస్సయితే నా ఇష్టం వచ్చినప్పుడు వెళ్తాను" అంటుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి గదా అని కిందటి వారం నేనే బస్టాపు దాకా దిగబెట్టాను. నారాయణగూడ కాదు, రామ్‌నగర్‌లోనే. బస్సొచ్చింది, నిండుగా ఉంది. ఎవరో పిల్ల లేచి సీటిచ్చింది. అమ్మ కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

బావగారూ, మీరన్నది నిజమే. మా అమ్మ ఇంట్లో ఉండటం లేదు.